తక్కువ ఖర్చులో ప్రొఫెషనల్ స్థాయి స్నేర్ డ్రమ్‌ను పరీక్షించడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

తక్కువ ధర స్నేర్ నిజంగా స్టేజీ మీద, స్టూడియోలో నిలబడుతుందా?

నిలబడుతుంది, సరైనది ఎంచుకుంటే. స్నేర్ అంటే కింది వైపు తీగలు ఆనించి ఉండే డ్రమ్. లడ్విగ్ కంపెనీ ఆక్రోలైట్ సంగతే చూడండి. 1960లలో విద్యార్థుల కోసమని తెచ్చిన అల్యూమినియం స్నేర్ అది, లగ్గులు (బిగించే రాడ్లు దిగే దిమ్మెలు) ఎనిమిదే. తర్వాత అదే స్టూడియోల్లో ఏరికోరి వాడే డ్రమ్ అయింది. చవకైన స్నేర్‌లో కంపెనీ ఎక్కడ ఖర్చు తగ్గించిందో తెలిస్తే సగం పని అయినట్టే. సాధారణంగా హెడ్లు (పైనా కిందా బిగించే పల్చని పొరలు), స్నేర్ వైర్లు (కింది హెడ్డుకు ఆనే తీగలు), హూపులు (హెడ్డును నొక్కి పట్టే చట్రాలు), స్ట్రైనర్ (వైర్లను బిగించి వదిలే లివర్), క్రోమ్ పూత దగ్గరే పొదుపు చేస్తారు. పూత తప్ప ఇవన్నీ తర్వాత మార్చుకోగలిగినవే. తేలిగ్గా మార్చలేనివి షెల్ (డ్రమ్ ఒళ్లు) గుండ్రదనం, బేరింగ్ అంచులు (హెడ్డు ఆనే షెల్ అంచులు), స్నేర్ బెడ్లు (వైర్ల కోసం కింది అంచులో చెక్కిన పల్లాలు), లగ్ రంధ్రాల స్థానాలు. ఈ నాలుగూ బాగుంటే మిగతాదానికి కొంచెం ఖర్చు పెట్టి పైస్థాయి డ్రమ్ చేసుకోవచ్చు. ఇవి తేడాగా ఉంటే ఎంత ఖరీదైన హెడ్డు వేసినా దండగే.

షాపులో మొదటిసారి కొట్టినప్పుడు వచ్చిన శబ్దాన్ని బట్టి నిర్ణయించుకోవచ్చా?

వద్దు. షాపులో పెట్టిన స్నేర్ చాలాసార్లు ట్యూన్ చేసి ఉండదు, ఫ్యాక్టరీ హెడ్డు నాసిరకంగా ఉంటుంది, వైర్లు అతిగా బిగించి ఉంటాయి. మంచి డ్రమ్ కూడా ఈ స్థితిలో డబ్బా మోతే మోగుతుంది. దీనికి తిరకాసు కూడా ఉంది: హెడ్డు మీద జెల్ ముక్క, టేపు అంటించి రింగ్ (కొట్టాక సాగే మోత) నొక్కేస్తే లోపమున్న డ్రమ్ కూడా చెవికి ఇంపుగానే వినిపిస్తుంది. ముందు అవన్నీ తీయించి వినండి.

హెడ్లు విప్పి చూడనివ్వకపోతే ఏం చేయాలి?

విప్పకుండా కూడా చాలా తెలుస్తుంది. కింది హెడ్డు పల్చగా, వెలుగు పోయేలా ఉంటుంది కాబట్టి దాని మీంచి టార్చి వేస్తే షెల్ లోపలి భాగం కనిపిస్తుంది. లోపలి అతుకు, లగ్ స్క్రూలు, వాటి కింద వాషర్లు ఉన్నాయో లేదో చూడండి. చెక్క షెల్ అయితే పొరల మధ్య ఖాళీలు, జిగురు కారిన చారలు కనబడతాయి.

తర్వాత డ్రమ్‌ను కంటి ఎత్తులో పట్టుకుని తిప్పుతూ, హెడ్డు లోహపు రింగుకూ షెల్‌కూ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉందా అని చూడండి. ఒకవైపు రింగు షెల్‌ను రాసుకుంటూ, ఎదురువైపు సందు ఎక్కువగా ఉంటే హెడ్డు నడిమికి కూర్చోలేదన్నమాట. అది హెడ్డు తప్పు కావచ్చు, షెల్ గుండ్రంగా లేకపోవడమూ కావచ్చు. అలాంటి డ్రమ్‌ను విప్పి చూపించమని గట్టిగానే అడగండి. కాదంటే వదిలేయండి.

షెల్ గుండ్రంగా ఉందో లేదో ఎలా కొలవాలి?

రెండు హూపులూ, హెడ్లూ తీసేయండి. 14 అంగుళాల డ్రమ్ అంటే 355.6 మిల్లీమీటర్లు. హెడ్డు తేలిగ్గా దిగాలి కాబట్టి షెల్ బయటి కొలత దీనికంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉంటుంది, ఉండాలి కూడా. స్టీలు టేపుతోనో పెద్ద కాలిపర్‌తోనో ఒక లగ్ దగ్గర మొదలుపెట్టి ఎదురు లగ్ దాకా కొలవండి. ఇలా నాలుగైదు దిక్కుల్లో కొలిచి, డ్రమ్ తిరగేసి కింది అంచు దగ్గరా మళ్లీ కొలవండి.

కనిష్ఠానికీ గరిష్ఠానికీ తేడా 1 మిల్లీమీటరు లోపుంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. 1.5 దాకా ఉంటే పల్చని లోహపు షెల్‌లో సర్దుకోవచ్చు, ఎందుకంటే హూపు బిగించాక అది కొంత గుండ్రానికి వస్తుంది. 2 మిల్లీమీటర్లు దాటితే వద్దు.

టేపు లేకపోతే కొత్త హెడ్డు ఒకటి షెల్ మీద పెట్టి వేళ్లతో తిప్పండి. ఎక్కడా పట్టుకోకుండా తిరగాలి. చెక్క షెల్ మీద ప్లాస్టిక్ పొర అంటించిన డ్రమ్‌లలో ఆ పొర రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి వచ్చే చోట హెడ్డు తరచూ పట్టేస్తుంది. ఆ పొరను పై అంచు దగ్గర కాస్త గీకితే సరిపోతుంది. అది షెల్ లోపం కాదు.

బేరింగ్ అంచు చదునుగా ఉందని ఎలా తెలుసుకోవాలి?

హెడ్డు షెల్‌ను ముట్టుకునేది ఈ అంచు మీదే. అంచులో పల్లం ఉంటే ఆ లగ్ దగ్గర స్వరం ఎంత తిప్పినా కుదరదు. పక్క లగ్ సరిచేస్తే ఇది పోతుంది, ఇది సరిచేస్తే అది పోతుంది.

మందమైన గాజు పలక గానీ, గ్రానైట్ గట్టు గానీ దొరికితే హెడ్లు తీసిన షెల్‌ను దాని మీద బోర్లించి లోపల టార్చి వెలిగించి, గదిలో దీపం ఆర్పండి. అంచు కింద నుంచి వెలుతురు ఎక్కడ కారుతోందో కనిపిస్తుంది. కారిన చోట మామూలు ప్రింటర్ కాగితం జొనపండి, దాని మందం సుమారు 0.1 మిల్లీమీటరు. ఒక్క కాగితం అతికష్టం మీద దూరితే ఫర్వాలేదు. మూడు కాగితాలు కలిపి హాయిగా దూరితే అంచు చెడిందని అర్థం.

తప్పు పలకదో, డ్రమ్‌దో తేల్చుకోవడానికి డ్రమ్‌ను పావు చుట్టు తిప్పండి. సందు డ్రమ్‌తో పాటు జరిగితే డ్రమ్‌దే తప్పు. సందు పలక మీద అదే చోట ఉండిపోతే పలకది. కింది అంచు పరీక్షించేటప్పుడు ఎదురెదురుగా రెండు చోట్ల వెలుతురు తప్పకుండా కనిపిస్తుంది. అవి స్నేర్ బెడ్లు, కావాలని చెక్కినవి.

చివరగా చూపుడువేలితో అంచంతా నిమురుతూ రండి. లోహపు షెల్‌లో వెల్డింగ్ అతుకు అంచు మీదికి వచ్చే చోటే చిన్న బొడిపె ఉంటుంది. దాన్ని కళ్లకంటే వేలే ముందు పట్టేస్తుంది. చెక్క అంచు చెడితే మళ్లీ కోయించుకోవచ్చు. లోహపు షెల్ అంచు చాలావరకు లోపలికి మడిచిందే కాబట్టి దాన్ని సరిచేయించడం దాదాపు కుదరదు.

స్నేర్ బెడ్ ఎలా ఉండాలి?

వైర్లు కింది హెడ్డుకు ఆసాంతం అతుక్కోవాలంటే అవి షెల్ దాటే రెండు చోట్ల అంచు కొద్దిగా దిగి ఉండాలి. ఆ దిగుడు మెల్లగా మొదలై మెల్లగా ముగియాలి, రెండు వైపులా ఒకే లోతు ఉండాలి, స్ట్రైనర్‌కూ బట్ ప్లేటుకూ (వైర్ల రెండో కొసను పట్టే భాగం) సరిగ్గా ఎదురుగా ఉండాలి. బెడ్ అసలు లేకపోతే వైర్ల అంచులు లేచి గరగరమంటాయి. మరీ లోతుగా, ఇరుకుగా ఉంటే కింది హెడ్డు అక్కడ ముడత పడుతుంది. చిన్నపాటి ముడత మామూలే, కంగారు పడొద్దు.

స్టీలు, ఇత్తడి, అల్యూమినియం, చెక్క: ఏది తీసుకోవాలి?

తక్కువ ఖర్చులో అన్నిటికీ ఒకే స్నేర్ కావాలంటే మా ఓటు లోహానికే. లోహపు షెల్‌ను యంత్రం మీద ఒకేలా తీయడం తేలిక కాబట్టి చవక రకంలో కూడా అంచులు బాగా వస్తాయి. చెక్కలో అదే నాణ్యత రావాలంటే మంచి పొరలు, జిగురు, ఆరబెట్టే సమయం, అంచు కోత అన్నీ కుదరాలి.

స్టీలు పదునుగా, గట్టిగా, ఎక్కువసేపు మోగుతుంది. గిటార్ల హోరులోంచి బయటికి వినబడుతుంది. అల్యూమినియం పొడిగా, చురుగ్గా పలికి త్వరగా ఆగిపోతుంది, మైకు ముందు అణకువగా ఉంటుంది. ఇత్తడిలో పదునుతో పాటు కింది స్వరాల నిండుదనం ఉంటుంది. చెక్కలో మేపుల్ గుండ్రంగా, బర్చ్ కాస్త కరుకుగా, పాప్లర్ మెత్తగా వినిపిస్తాయి. అయితే ఒకే షెల్ మీద హెడ్డు, ట్యూనింగ్ మారిస్తే వచ్చే తేడా రెండు లోహాల మధ్య తేడా కంటే తరచుగా పెద్దది.

లోహం విషయంలో ఒక మోసముంది. నల్లటి నికెల్ పూతా, బంగారు రంగూ చూసి ఇత్తడి అనుకుని కొంటారు, తీరా లోపలిది స్టీలు. పైన పటారం లోన లొటారం. చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. స్టీలు దాన్ని గట్టిగా లాగుతుంది. ఇత్తడి, అల్యూమినియం, రాగి, కంచు లాగవు. నికెల్ పూత ఉంటే చాలా స్వల్పంగా లాగినట్టు అనిపించవచ్చు గానీ అయస్కాంతం అంటుకుని నిలబడదు. కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలు కూడా అయస్కాంతానికి లొంగదు, కాబట్టి అంటుకోలేదు గనక ఇత్తడేనని తీర్మానించకండి. అల్యూమినియాన్ని మాత్రం చేత్తో ఎత్తితేనే పోల్చుకోవచ్చు: సాంద్రత స్టీలులో దాదాపు మూడో వంతు.

ఎంత లోతుది తీసుకోవాలి?

14 × 5.5 లేదా 14 × 6.5 అంగుళాలు (వ్యాసం × లోతు). 5.5 చురుకైనది, 6.5లో కింది స్వరం కాస్త బరువుగా ఉంటుంది. ఒక్కటే డ్రమ్ ఉండేవాళ్లకు 6.5 పనికొచ్చే సందర్భాలు ఎక్కువ. పైకి బిగిస్తే పదునూ, వదిలితే లావూ రెండూ ఇస్తుంది. 13 అంగుళాలవి రెండో స్నేర్‌గా బాగుంటాయి.

లగ్గులు పది లేకపోతే ప్రొఫెషనల్ కాదంటారు, నిజమా?

కాదు. పది లగ్గులుంటే బాగా బిగించినప్పుడు ఒత్తిడి సమంగా పంచుకుంటుంది, సన్నని సర్దుబాట్లు కుదురుతాయి. ఎనిమిదిటితో ట్యూనింగ్ త్వరగా అయిపోతుంది, శబ్దం కాస్త విచ్చుకున్నట్టు ఉంటుంది. లగ్గుల లెక్క కంటే వాటి మరలే ముఖ్యం. ప్రతి రాడ్‌నూ (హూపును బిగించే పొడవాటి స్క్రూ) కీ లేకుండా వేళ్లతో లోపలికి తిప్పిచూడండి. సగం దారిలో గట్టిపడితే మర చెడిందనో, రంధ్రం వంకరగా వేశారనో అనుమానించాలి. రాడ్ పైనుంచి చూస్తే నిట్టనిలువుగా దిగాలి, లగ్ వైపు ఒరిగి ఉండకూడదు.

హూపుల్లో ఏం చూడాలి?

హూపును విప్పి చదునైన బల్ల మీద పెట్టి చుట్టూ వేలితో నొక్కండి. టకటకలాడితే వంగిందన్నమాట. చవక డ్రమ్‌లకు 1.6 మిల్లీమీటర్ల మడత హూపులు వస్తాయి. 2.3 మిల్లీమీటర్లవి ట్యూనింగ్‌ను బాగా పట్టి ఉంచుతాయి, రిమ్‌షాట్‌కు (హెడ్డునూ హూపునూ ఒకేసారి కొట్టే దెబ్బ) బలం వస్తుంది. పోత హూపులు ఇంకా గట్టివి. క్రాస్ స్టిక్ (పుల్లను హెడ్డు మీద ఆనించి హూపును కొట్టడం) చెక్కముక్క కొట్టినట్టు స్పష్టంగా వస్తుంది, ఓవర్‌టోన్లు (అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) తగ్గుతాయి, కానీ పల్చటి షెల్ ఊపిరి కొంత నొక్కేస్తాయి. పల్చటి హూపులు ఉన్నంత మాత్రాన డ్రమ్‌ను తీసిపారేయక్కర్లేదు. కొన్నాళ్ల తర్వాత మార్చుకోండి, ముందు పై హూపు చాలు.

స్ట్రైనర్‌ను ఎలా పరీక్షించాలి?

చవక డ్రమ్‌లు ముందుగా కుంటుపడేది ఇక్కడే, అందుకే దీని మీద సమయం పెట్టండి.

వైర్లను మామూలు బిగుతుకు తెచ్చి లివర్‌ను ఒక ముప్పై నలభై సార్లు వేసి తీయండి. ప్రతిసారీ బిగుతు అదే చోటుకి తిరిగి రావాలి. తర్వాత వైర్లను అవసరమైన దానికంటే ఎక్కువ బిగించి మళ్లీ లివర్ వేయండి. జారిపోతే, లేదా లివర్ తనంతట తాను పడిపోతే, రేపు పాట మధ్యలోనూ అంతే. ఇక మర తిప్పే బొడిపె: వైర్లు ఆన్‌లో ఉంచి గట్టిగా ఐదు నిమిషాలు రిమ్‌షాట్లు కొట్టండి. బొడిపె మీద ముందే మార్కర్‌తో చిన్న గీత పెట్టుకుంటే అది తిరిగిందో లేదో తెలిసిపోతుంది. లోపల క్లిక్కుమని ఆగే ఏర్పాటు లేనివి ప్రకంపనకు మెల్లగా తిరిగి వదులైపోతాయి.

లివర్ తీసినప్పుడు వైర్లు హెడ్డుకు పూర్తిగా దూరం కావాలి. టామ్ (వైర్లు లేని డ్రమ్) లాగా శుభ్రంగా మోగాల్సిన చోట సన్నగా జీరాడితే లివర్ ప్రయాణం చాలడం లేదన్నమాట.

మార్చాల్సి వస్తే షెల్ మీదున్న రెండు రంధ్రాల నడిమి దూరం కొలిచి, అదే దూరమున్న స్ట్రైనర్ కొనండి. కంపెనీకో కొలత ఉంటుంది. కొత్త రంధ్రాలు వేయడం మాత్రం ఆఖరి మార్గం.

వైర్లు ఎన్ని ఉండాలి?

20 తీగలది ప్రామాణికం. 12, 16 తీగలవి డ్రమ్ అసలు స్వరాన్ని ఎక్కువ వినిపిస్తాయి, 42వి వెడల్పుగా ఇసుక చల్లినట్టు వినిపిస్తాయి కానీ ప్రతి చిన్న ప్రకంపనకూ స్పందిస్తాయి. డ్రమ్‌ను పరీక్షించడానికి 20వే వాడండి. వైర్లను విప్పి చదునుగా పెట్టి చూస్తే ఏ తీగైనా మిగతావాటికంటే వదులుగా వేలాడుతుంటే అది తర్వాత గరగరమంటుంది. ఒకటి రెండయితే కత్తిరించేయొచ్చు, ఎక్కువుంటే సెట్టే మార్చాలి. బిగించేటప్పుడు రెండు కొసల పలకలూ అంచులకు సమాన దూరంలో ఉండాలి, బేరింగ్ అంచు మీద కూర్చోకూడదు.

పరీక్షకు ఏ హెడ్లు వాడాలి?

మీకు గుణం తెలిసిన హెడ్లే వాడండి. పైన ఒకే పొర, 10 మిల్ మందం, తెల్ల పూత ఉన్నది. రెమో కోటెడ్ అంబాసిడర్, ఎవాన్స్ కోటెడ్ జీ1 ఆ కోవవి. కింద 3 మిల్ స్నేర్ సైడ్ హెడ్డు: రెమో హేజీ అంబాసిడర్, ఎవాన్స్ హేజీ 300. ఒక మిల్ అంటే 0.0254 మిల్లీమీటరు, అంటే కింది హెడ్డు 0.08 మిల్లీమీటరు కూడా ఉండదు. పై హెడ్డును పొరపాటున కింద వేస్తే వైర్లు దాదాపు పలకవు. సెకండ్ హ్యాండ్ డ్రమ్‌లలో ఈ తప్పు తరచూ కనబడుతుంది. రెండు పొరల హెడ్డు, నడుమ చుక్క ఉన్న హెడ్డు పరీక్షకు పనికిరావు, లోపాలను కప్పేస్తాయి.

పరీక్ష కోసం ట్యూనింగ్ ఎలా చేయాలి?

వైర్లు తీసి ఉంచండి. కింది హెడ్డుతో మొదలుపెట్టండి. రాడ్లన్నీ వేళ్లతో బిగిసేదాకా తిప్పి, ఆపై కీతో ఎదురెదురు లగ్గుల క్రమంలో అర చుట్టు చొప్పున బిగించండి. చాలా డ్రమ్‌ల రాడ్లకు అంగుళానికి 24 మరలు, అంటే ఒక చుట్టుకు హూపు 1 మిల్లీమీటరు పైచిలుకు దిగుతుంది. చివర్లో పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పొద్దు. డ్రమ్‌ను మెత్తటి టవల్ మీద పెడితే రెండో హెడ్డు మూగబోతుంది, అప్పుడు ప్రతి రాడ్‌కు ఒక అంగుళం లోపల పుల్లతో తడుతూ స్వరం కలపండి.

పై హెడ్డుకూ ఇదే పద్ధతి, కానీ కిందిదానికంటే కొంచెం కింది స్వరంలో. వేళ్ల బిగింపు నుంచి సుమారు ఒక చుట్టు దగ్గర వదులు, ఒకటిన్నర దగ్గర మధ్యస్థం, రెండు దాటాక బిగువు. హెడ్డును బట్టి మారుతుంది కాబట్టి చెవినే నమ్మండి.

వాయించేటప్పుడు ఏం వినాలి?

మూడు బిగుతుల్లోనూ వినండి. ఒక్కదాంట్లోనే బాగున్న డ్రమ్‌ను ఆ ఒక్క పనికే కొనాలి.

ముందు మెత్తదనం. పుల్లను ఐదు సెంటీమీటర్ల ఎత్తు నుంచి హూపుకు రెండు సెంటీమీటర్ల లోపల ఊరికే జారవిడవండి. వైర్లు వెంటనే పలకాలి. వైర్ల దిశలోనూ, దానికి అడ్డంగానూ రెండు చోట్లా చూడండి. నడుమ మాత్రమే పలికి అంచుల్లో వట్టి టకటక వినిపిస్తే బెడ్ల మీద, కింది హెడ్డు మీద దృష్టి పెట్టాలి. ఘోస్ట్ నోట్లు (వినీవినబడనంత మెల్లగా కొట్టే దెబ్బలు) ఎక్కువ వాడేవారికి ఈ పరీక్షే ప్రాణం.

తర్వాత వైర్ల సర్దుబాటు. పూర్తిగా వదిలేసి, మెల్లగా బొడిపె తిప్పుతూ వాయిస్తూ ఉండండి. మంచి స్నేర్ గరగర నుంచి మొదలై, ఫెళ్లుమనే స్థితికి వచ్చి, అక్కడ చాలా చుట్ల దాకా నిలిచి, ఆ తర్వాతే గొంతు నొక్కినట్టవుతుంది. చెడ్డది అర చుట్టులోనే గరగర నుంచి నేరుగా నోరు మూసేసే స్థితికి వెళ్లిపోతుంది.

ఇక గట్టిగా కొట్టండి. బలం పెంచేకొద్దీ శబ్దం పెరగాలి. ఒక దశ దాటాక ఎంత కొట్టినా పెరగకుండా చప్పబడిపోతే అది షెల్ పరిమితి కావచ్చు, వైర్లు అతిగా బిగించడమూ కావచ్చు. వైర్లు వదులు చేసి మళ్లీ కొట్టండి. రిమ్‌షాట్లు చిన్న గదిలో చెవికి ప్రమాదకరం, ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి.

ఇంకొకరి చేత వాయించి మీరు మూడు నాలుగు మీటర్ల దూరంలో నిలబడి వినడం మర్చిపోవద్దు. సీట్లో కూర్చుంటే చిరాకు పెట్టిన రింగ్ అక్కడ వినిపించదు. ఫోన్ రికార్డింగ్‌ను నమ్మకండి. ఫోన్ తనంతట తానే గట్టి శబ్దాన్ని తగ్గించి మెత్తటి శబ్దాన్ని పెంచేస్తుంది.

టామ్ కొడితే స్నేర్ గరగరమంటోంది. వెనక్కి ఇచ్చేయాలా?

అక్కర్లేదు, ప్రతి స్నేర్ ఎంతో కొంత అంటుంది. టామ్ స్వరమూ స్నేర్ కింది హెడ్డు స్వరమూ దగ్గరగా ఉంటే ఎక్కువవుతుంది. ఏదో ఒకదాన్ని కొంచెం మార్చండి. వైర్లకు ఇరువైపులా ఉన్న కింది రాడ్లు నాలుగింటినీ పావు చుట్టు వదిలినా చాలాసార్లు తగ్గుతుంది.

వాయిస్తుంటే ట్యూనింగ్ జారిపోతోంది?

రిమ్‌షాట్ పడే చోటి రాడ్లు ముందు వదులవుతాయి, అది సహజం. ఒకటి రెండు రాడ్లయితే నైలాన్ వాషర్లు, లగ్ లాకులతో సరిపోతుంది. అన్నీ వదులవుతుంటే మరలు నాసిరకం, లేదా కొత్త హెడ్డు ఇంకా సాగుతోంది. కొత్త హెడ్డు వేసిన రోజే తీర్పు చెప్పకండి.

సెకండ్ హ్యాండ్‌లో అదనంగా ఏం చూడాలి?

చెక్క షెల్ అయితే లగ్ రంధ్రాల చుట్టూ వెంట్రుకంత పగుళ్లు. లోహమైతే అంచు మీద దెబ్బలు. పాత క్రోమ్ పూత అల్యూమినియం షెల్ మీద పొక్కులు పొక్కులుగా లేవడం మామూలే, పాత లడ్విగ్ సుప్రాఫోనిక్‌లలో తరచుగా కనిపిస్తుంది. శబ్దానికి నష్టం లేదు, బేరమాడడానికి మంచి కారణం. అదనపు రంధ్రాలు కనిపిస్తే స్ట్రైనర్ మార్చారన్నమాట. రాడ్లు విడిగా కొనాల్సి వస్తే ముందు ఒకటి విప్పి మర పోల్చుకోండి. పాత యూరప్ డ్రమ్‌లు కొన్నిటికి మెట్రిక్ మరలు ఉంటాయి. వాటిలోకి మామూలు రాడ్‌ను బలవంతంగా తిప్పితే లగ్ లోపలి మర ఆ ఒక్కసారికే పోతుంది.